నీళ్లున్నాయి, గుంటల్లేవు

రాత్రి తొమ్మిదిన్నర. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర బస్సు దిగారు. మృగశిర వచ్చినా చినుకు రాలలేదని నిన్నటి దాకా జనం ఆకాశం వంక చూశారు. ఇవాళ సాయంత్రం గంటన్నర సేపు దంచికొట్టి ఇప్పుడే తెరిపిచ్చింది. తారు రోడ్డు మీద నుంచి ఆవిరి లేస్తోంది. హైదరాబాద్ రోడ్డూ, తిరువూరు మీదుగా జగదల్‌పూర్ దాకా పోయే రోడ్డూ ఇక్కడే చీలతాయి కాబట్టి ఎటు చూసినా లారీలే. టార్పాలిన్ సరిగ్గా కట్టని ఒకటి మీ పక్క నుంచే పోయింది. చొక్కా మీద పడిన తుంపర తుడుచుకుంటే వేళ్లకు బూడిద అంటింది.

మీరు వచ్చింది కప్పల కోసం. ఈ మోతలో వాటి అరుపు వినబడదు, అందుకని ముందు కళ్లతో వెతకండి.

సెంటర్ దాటగానే ఒక వీధి దీపం ఉంది. వాన వెలిసిందని పుట్టలోంచి లేచిన ఉసిళ్లు దాని చుట్టూ ముసురుకున్నాయి. రెక్కలు రాలినవి కింద పాకుతున్నాయి. వాటి మధ్యలో నాలుగైదు కప్పలు తీరుబడిగా కూర్చుని ఉన్నాయి. పెరట్లో కుండీ వెనకా, స్నానాలగది తూములోనా కనబడే గరుకు ఒంటి కప్పే ఇది. ఒకదాని దగ్గర గొంతుక్కూర్చుని చూడండి. ఉసిలి పురుగు దాని ముందుకు వచ్చింది. నాలుక బయటికి రావడం మీకు కనబడదు, పురుగు మాయం కావడమే కనబడుతుంది. ఆ వెంటనే కప్ప కళ్లు మూసుకుంటుంది. అది తృప్తి కాదు. కనుగుడ్లను లోపలికి దించి, వాటితోనే పురుగును గొంతులోకి నెడుతోంది. రుచి సంగతి దానికే తెలియాలి.

ఇప్పుడది నాలుగడుగులు జరిగి, రోడ్డు అంచున తడి ఉన్నచోట పొట్ట ఆనించి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి కదలకుండా పడుకుంది. నీళ్లు తాగుతోంది. కప్ప నోటితో తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉన్న పలచటి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మంతోనే. కాబట్టి ఆ తడిలో ఏముంటే అది దాని ఒంట్లోకి పోవాల్సిందే. డీజిల్ మరక ఉంటే డీజిల్, బూడిద ఉంటే బూడిద. వడపోసుకోవడానికి దానికి మార్గం లేదు.

వెనక హారన్ మోగింది. మీరు పక్కకు జరిగారు. కప్పలు జరగలేదు. లారీ పోయాక దీపం కింద మూడే మిగిలాయి.

"ఎక్కడికి సార్?" ఆటో ఆగింది.

కృష్ణ ఒడ్డున ఫెర్రీ చూసుకుని, అక్కడి నుంచి బుడమేరు వాగు కట్ట మీదుగా కొండపల్లి వైపు పోదామన్నారు మీరు. ఈ టైములో అక్కడ పాములు తప్ప ఏముంటాయన్నాడతను. కప్పల అరుపు వినడానికంటే ఒకసారి వెనక్కి తిరిగి మిమ్మల్ని ఎగాదిగా చూశాడు. "కప్పలా? మా ఇంటెనకాల గుంట ఉన్నప్పుడు చెప్పాల్సింది సార్. వాన పడితే తెల్లార్లూ నిద్ర ఉండేది కాదు. ఇప్పుడదంతా మెరక చేసేశారు."

ఆ స్థలం దారిలోనే ఉంది, చూపిస్తానన్నాడు. ఆటో లైటు వెలుతురులో చూస్తే ఏముంది, చదునైన నేల. నాలుగు పక్కలా సిమెంటు స్తంభాలు, మధ్యలో రాళ్లతో గీసిన ప్లాట్లు. పైన ఎర్ర గ్రావెల్ పరిచారు. వాన కోసిన అంచు దగ్గర కింది పొర బయటపడింది, అది బూడిద. పల్లపు స్థలం కొన్నవాడు లారీలు పెట్టి థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద తోలించి, పైన అడుగు మందాన గ్రావెల్ వేయించి మెరక చేయడం ఈ చుట్టుపక్కల ఎవరూ వింతగా చూసే పని కాదు. చట్టం కూడా బూడిదను ఊరికే నిల్వ ఉంచొద్దనే అంటోంది. 1999 నుంచి కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ల సారాంశమే అది: ఇటుకలకో, సిమెంటుకో, రోడ్లకో, పల్లాలు పూడ్చడానికో మొత్తం వాడేయాలి. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ నూటికి నూరు శాతం వాడాలంది. బూడిద గుట్టలు పెరగకుండా చూడాలన్న ఆలోచన మంచిదే. అయితే ప్రభుత్వ కాగితంలో 'పల్లం' అని ఒక్క మాటలో తేలిపోయినది, కప్పకు పురిటిగది.

ఈ ఊరి చిక్కంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఇబ్రహీంపట్నంలో నీళ్లకు కరువా? ఒక పక్క కృష్ణ, ప్రకాశం బ్యారేజీ వెనక నిండుగా నిలిచి ఉంటుంది. పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి పోలవరం కుడి కాలువలో వచ్చి ఇక్కడే కలుస్తుంది. బుడమేరు మళ్లింపు కాలువ ఉంది. థర్మల్ కేంద్రం యంత్రాలను చల్లబరిచి వదిలే నీళ్లున్నాయి, బూడిద చెరువుంది, దిగువకు పోతే చేపల చెరువులున్నాయి. ఇన్నిటిలో చాలా కప్పలకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. వాటికి కావలసింది వానకు నిండి, రెండు మూడు నెలలైనా నిలిచి, వేసవికి ఎండిపోయే గుంట. ఎండిపోవడమే దాని విలువ. ఎండే గుంటలో చేపలుండవు. చేపల్లేని చోటే గుడ్లు తోకకప్పలవుతాయి, తోకకప్పలకు కాళ్లు మొలుస్తాయి. నదికి పుష్కరాలున్నాయి, అడవికి రిజర్వు హద్దు రాళ్లున్నాయి, చెరువుకు సర్వే నంబరుంది. గుంటకు ఏమీ లేదు. అది పూడిందని ఫిర్యాదు రాసేవాడు కూడా లేడు.

ఫెర్రీ వచ్చింది. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్ మెట్లు తడిసి మెరుస్తున్నాయి. ఈ చోటును పవిత్ర సంగమం అంటారు. సాయంత్రం వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. మెట్లు దిగి చెవి ఒగ్గండి. నీళ్ల చప్పుడు, దూరంగా మోటారు మోత. ఒడ్డున గడ్డి ఉన్న మూలలో మాత్రం టక్ టక్ మని ఒకటి రెండు గొంతులు. టార్చి వేస్తే నీళ్ల మీద తేలుతూ రెండు కళ్లు, మీరు అడుగు కదపగానే అది మునగకుండా నీటి పైపైనే గెంతుకుంటూ పోయింది. ఈ నీటికప్ప ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉంటుంది, మురికి కాలువల్లోనూ బతికేస్తుంది. మిగతావి ఇక్కడికి రావు. సిమెంటు మెట్ల మీద గుడ్లు అంటించడానికి మొక్క లేదు, కింద చేపలు కాచుకుని ఉన్నాయి.

చేపల మాట వచ్చింది కనుక గంబూసియా సంగతి కూడా. వేలెడంత లేని ఈ అమెరికా చేప 1928 ప్రాంతంలో దోమపిల్లలను తినడానికి మన దేశానికి వచ్చింది. డెంగీ, మలేరియా పెరిగినప్పుడల్లా మన రాష్ట్రంలో చెరువుల్లో, గుంటల్లో దీన్ని వదులుతూనే ఉన్నారు. దోమపిల్ల దొరికితే దోమపిల్ల, కప్ప గుడ్డు దొరికితే కప్ప గుడ్డు, చిన్న తోకకప్ప దొరికితే అదీ తింటుంది. పూడ్చకుండా వదిలేసిన గుంటలో ఇది పడితే పని పూర్తయినట్టే. పురుగుల్ని తినే కప్పను వదిలించుకుని పురుగుల కోసం చేపను తెచ్చుకున్నాం. బేరం ఎవరికి లాభమో మీరే చూసుకోండి.

ఆటో మళ్లింపు కాలువ పక్కగా ఉత్తరానికి తిరిగింది. ఎడమవైపు నార్ల తాతారావు థర్మల్ కేంద్రం దీపాలు, పొగ గొట్టాల మీద ఎర్ర లైట్లు. 1979లో మొదటి యూనిట్ వెలిగింది. 2023లో 800 మెగావాట్ల యూనిట్ కూడా కలిశాక మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లకు చేరింది. మీ జేబులో ఫోను చార్జింగు కూడా ఇక్కడిదే అయి ఉండొచ్చు. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, బూడిదే. దాన్ని నీళ్లతో కలిపి గొట్టాల్లో బూడిద చెరువుకు పంపుతారు. బూడిద అడుగుకు దిగుతుంది, పైన తేట నీరు నిలుస్తుంది. వెన్నెల్లో చూస్తే మంచి చెరువే అనిపిస్తుంది. గట్టున గడ్డి మొలుస్తుంది, కొంగలు దిగుతాయి. కప్పకు మాత్రం ఆ తేడా ఎవరు చెబుతారు?

ఇలాంటి నీళ్లలో కప్పలకు ఏమవుతుందో అమెరికాలో చూశారు. సౌత్ కరోలినాలో సవానా నది పక్కన ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం బూడిద గుంటల దగ్గర క్రిస్టఫర్ రో, విలియం హాప్కిన్స్, జస్టిన్ కాంగ్డన్ అనే శాస్త్రవేత్తలు 1990లలో ఏళ్ల తరబడి పనిచేశారు. బూడిద గుంటలో పెరిగిన తోకకప్పల నోరు చూస్తే, రాతి మీది నాచును గీరుకు తినే పంటి వరసలు చాలావాటికి సరిగ్గా లేవు. కొన్నిటికి వెన్ను వంకర. వంకర తిరిగినవి సరిగ్గా ఈదలేవు, తప్పించుకోలేవు. శుభ్రమైన చోటు నుంచి పెద్ద కప్పలను తెచ్చి బూడిద పక్కన ఉంచితే వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను పెరిగింది. ఆర్సెనిక్, సెలీనియం వంటివి ఒంట్లో పేరుకున్నాయి. గుంట నిండా నీళ్లున్నాయి, తిండీ ఉంది, నోరే లేదు. నేను చదివిన కప్పల కథలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

కట్ట దిగి పొలాల వైపు నడవండి. ఆటో అతను సిగరెట్ వెలిగించి పైనే ఆగాడు. మోటారు షెడ్డు దగ్గర టార్చి పట్టుకుని పెద్దాయన ఒకాయన ఉన్నాడు.

"ఎవరది?"

"కప్పల కోసం వచ్చాం బాబాయ్."

"తినడానికా?" అని నవ్వాడు. "అయితే ఇటు రా బాబూ. ఇయ్యాల బోదురుకప్పలు లేచాయి."

వినబడుతోందా? ఇందాకటి నుంచి ఎక్కడో జనరేటర్ అనుకున్నది అదే. నారుమడి పక్కన నీళ్లు నిలిచిన చెక్కలో టార్చి వేశాడాయన. మగ బోదురుకప్పలు ఒళ్లంతా నిమ్మపండు పసుపుకు తిరిగాయి. గొంతుకు రెండు పక్కలా ముదురు నీలం బూరలు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. ఏడాదిలో ఈ నాలుగైదు రాత్రులే ఈ సింగారం. తర్వాత మళ్లీ మట్టి రంగుకు తిరిగి, ఎవరి కంటా పడకుండా గట్ల వెంబడి తిరుగుతాయి. పక్కనున్న చిన్న మడిలో సన్న గొంతులు గిర్రున తిరుగుతున్నాయి, బొటనవేలి గోరంత కప్పలవి. టార్చి వేస్తే ఆగిపోతాయి, ఆర్పితే మొదలవుతాయి.

ఈ బోదురుకప్ప ఒకప్పుడు విదేశీ మారకం. డెబ్బయిల్లో, ఎనభైల్లో మన దేశం నుంచి ఏటా వేల టన్నుల కప్ప కాళ్లు ఐరోపాకూ అమెరికాకూ వెళ్లాయి. రాత్రిపూట లాంతర్లతో పట్టి, కాళ్లు కోసి, మిగతాది పారేసేవారు. పొలాల్లో పురుగు పెరిగిందన్న గోల రేగింది. 1985లో ఈ జాతిని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి తెచ్చారు, 1987లో భారతదేశం ఎగుమతిని నిషేధించింది. ఆ ఉపద్రవం ఒక్క ఉత్తర్వుతో ఆగింది. ఇప్పటివి అలా ఆగేవి కావు.

"మునుపటంత లేవు కదా బాబాయ్?"

"గట్టు మీద నడిస్తే కాలికింద పడేయి. ఇప్పుడు వెతుక్కోవాలి. గుళికలు చల్లిన తెల్లారి నీళ్లలో తోకవన్నీ తేలతాయి, అది చూశాను." కాసేపాగి అన్నాడు, "చల్లకపోతే మొవ్వు పురుగు తింటది. కలుపు మందు కొట్టకపోతే కూలీలేరీ?"

ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. మందు డబ్బా మీద కప్ప బొమ్మ ఉండదు. కలుపు మందుల్లో కప్పకు ప్రమాదం అసలు మందు ఒక్కటే కాదు, అది ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బు లాంటి పదార్థం కూడా. 2005లో రిక్ రెల్యియా అనే శాస్త్రవేత్త అమెరికాలో తొట్ల చెరువుల్లో రౌండప్ అనే కలుపు మందు కలిపి చూస్తే మూడు వారాల్లో తోకకప్పలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. అది చంపాల్సింది కలుపును, నీళ్లలోకి పోవాల్సిందే కాదు. కానీ వరి పొలంలో నీళ్లకు పోకుండా ఏది ఆగుతుంది?

మన డెల్టాలో గుంటలు పోయాక బోదురుకప్పకు ఈ మడులే గుంటలయ్యాయి. మందు పడేది ఆ మడుల్లోనే. మడులు చేపల చెరువులుగా మారినచోట అదీ లేదు. ఈ బుడమేరు వెంబడే కొల్లేరు దాకా పోతే కైకలూరు వైపు గట్టు తరవాత గట్టు, చెరువు తరవాత చెరువు. అంతా నీళ్లే.

2024 సెప్టెంబరు మొదట్లో ఈ కట్టే తెగింది. కొండపల్లి, కవులూరు దగ్గర గండ్లు పడి బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోయింది, బ్యారేజీ కట్టాక అంత వరద లేదు. "మా మోటారు కొట్టుకుపోయింది," అన్నాడు పెద్దాయన. కప్పలకు వరద మంచిదేగా అంటారేమో. వరద అన్ని గుంటలనూ కలిపేస్తుంది, ప్రతి గుంటలోనూ చేపను వదిలి పోతుంది. కప్పకు కావలసింది అదను తప్పని వాన. మృగశిరలో ఒక వాన పడి నెల రోజులు మొహం చాటేస్తే, ఆ వానకు పెట్టిన గుడ్లు తోకలతోనే బురదలో ఎండిపోతాయి. వానలు పట్టకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి బిందెలతో నీళ్లు పోయించే కప్పతల్లి ఆట ఈయన చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేదట. ఇప్పుడు వాన కోసం కప్పను వెతకడం కంటే కప్ప కోసం వానను వెతకడం తేలిక.

2023లో ప్రపంచంలోని 8,011 ఉభయచర జాతుల లెక్క తీస్తే వాటిలో దాదాపు 41 శాతం ముప్పులో ఉన్నాయని తేలింది. పక్షుల్లో, క్షీరదాల్లో ఇంత లేదు. 2004 తర్వాత జాతుల పరిస్థితి దిగజారడానికి ఉన్న కారణాల్లో వాతావరణ మార్పే మొదటిదిగా తేలింది. అంతకు ముందు ప్రపంచాన్ని భయపెట్టింది ఒక బూజు. 1999లో పేరు పెట్టిన ఈ కైట్రిడ్ బూజు కప్ప చర్మంలో పెరిగి, లవణాలు రక్తంలోకి పోకుండా అడ్డుకుని గుండె ఆగేలా చేస్తుంది. 500కు పైగా జాతులు దీని వల్ల తగ్గాయని, వాటిలో 90 పూర్తిగా పోయి ఉంటాయని 2019లో లెక్కగట్టారు. మన పశ్చిమ కనుమల్లోనూ ఇది కనబడింది. ఐతే ఇది చల్లదనం కోరే బూజు, 28 డిగ్రీలు దాటితే ఎదగలేదు. బెజవాడ ఎండను తిట్టుకోని వాడు లేడు కానీ ఈ విషయంలో మాత్రం అది కప్పల పక్షాన ఉంది. మనకు బూజు దాకా అక్కర్లేకపోయింది.

ఆటో కొండపల్లి కొండల కిందికి వచ్చేసరికి పన్నెండు దాటింది. పైన కోట చీకట్లో ఎక్కడో ఉంది. ఊళ్లో కొట్ల అద్దాల వెనక తెల్ల పొణికి బొమ్మలు, దశావతారాల వరసలో చేప ఉంది, తాబేలు ఉంది, కప్ప లేదు. విష్ణువు కూడా దాటేశాడు. ఊరు దాటాక ఒక పక్క రిజర్వు అడవి, మరో పక్క కొండను కొరికి వదిలేసిన గ్రావెల్ గొయ్యి. ఈ కొండల్లో అక్రమ తవ్వకాల మీద ఎన్నోసార్లు వార్తలొచ్చాయి. దూకకుండా అంచున నిలబడి వినండి.

ఇక్కడ చెవులు గింగురుమంటున్నాయి. బోదురుకప్పల గొంతు, గోరంత కప్పల గొంతు, గరుకు కప్పల గుర్రు, మిగతా రోజులన్నీ మట్టిలోనే ఉండే బొద్దు కప్పల బొంగురు గొంతు, అన్నీ ఒకేసారి. కొండ మీద వాన ఇందులోకి దిగింది, చేప లేదు, మందు లేదు, బూడిద లేదు. అంచున ఉన్న తుమ్మ కొమ్మకు గిలకొట్టిన కోడిగుడ్డు తెల్లసొనలా నురగ ముద్ద వేలాడుతోంది. చెట్టు కప్ప గూడది. లోపల గుడ్లు పగిలాక తోకకప్పలు ఒక్కొక్కటిగా కింది నీళ్లలోకి జారిపడతాయి. కొండను తవ్వినవాడు కప్పల కోసం తవ్వలేదు. ఊళ్లో గుంటలను పూడ్చిన గ్రావెల్ ఇలాంటి చోటి నుంచే వెళ్లింది, దాని ఖాళీలో కొత్త గుంట మిగిలింది.

"ఇది కూడా పూడ్చేస్తారంట సార్," అన్నాడు ఆటో అతను, గొయ్యి అంచున పాతిన వెంచర్ బోర్డు చూపించి. "దసరాకి రిజిస్ట్రేషన్లంట."

మీరు వేళ్ల మీద లెక్క వేసుకుంటారు. ఇప్పుడు జూన్ నడుమ. గోరంత కప్పల పిల్లలకు నెల, నెలన్నర చాలు. బోదురు పిల్లలకు రెండు నెలలు వేసుకున్నా శ్రావణానికి కాళ్లు మొలుస్తాయి, తోక కరిగిపోతుంది, గట్టెక్కి అడవిలోకి పోతాయి. దసరాకైతే పరవాలేదు. ఇవి పెద్దవై వచ్చే ఏడో, ఆ పై ఏడో మృగశిరకు పుట్టినచోటికే తిరిగొస్తాయి చూడండి, చిక్కు అప్పుడు.